అమ్మ చీర, అమ్మమ్మ కాసులపేరు గోడ మీదికి: ఉబ్బెత్తు బొమ్మల్లో ఏది ఎంచుకోవాలి?

"మా అమ్మ పెళ్ళిపట్టు ఉందక్కా. మడతల దగ్గర చిరిగిపోయింది. కట్టుకోలేను. పాతచీరలు కొనేవాళ్ళకి ఇవ్వడానికి మనసు రావడం లేదు. గోడ మీద పెట్టుకునేలా ఏమైనా చేయొచ్చా?"

విజయవాడలో నేను ఈ పని చేస్తానని తెలిసినవాళ్ళు అడిగే మొదటి మాట ఇదే. కొందరికి చీర బదులు నగ. అమ్మమ్మ కాసులపేరు ఎప్పుడో పిల్లల చదువులకి కరిగిపోయింది, పాత ఫోటోలో మాత్రం మిగిలింది. దాన్ని మళ్ళీ కళ్ళముందు చూసుకోవాలని ఉంటుంది. ఇంకొందరికి తాడేపల్లిలోనో కానూరులోనో కొత్త ఫ్లాట్, హాల్లో పెద్ద ఖాళీ గోడ. షాపుల్లో దొరికే ప్రింట్లు నచ్చవు. అందరూ చివరికి వచ్చేది నగల్నీ నేతనీ చూసి చేసే ఉబ్బెత్తు బొమ్మ దగ్గరికే. త్రీడీ మ్యూరల్ అంటారు, మిక్స్‌డ్ మీడియా అంటారు, రిలీఫ్ వర్క్ అంటారు. పేరేదైనా, రంగుతో పాటు పేస్టు, గుడ్డ, పూస, రేకు, రాయి కలిపి పలక మీద ఎత్తుగా కట్టే బొమ్మ అది.

దీన్ని ఎన్ని రకాలుగా చేయొచ్చో, మన ఊరి ఎండకీ తేమకీ ఏది నిలుస్తుందో, ఏది ఎవరికి పనికొస్తుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఒక్క ప్రశ్న తేల్చుకోండి

చాలామంది మెటీరియల్ దగ్గర మొదలుపెడతారు. రెజిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) బాగుంటుందా, టెక్స్చర్ పేస్టా, తంజావూరు పద్ధతా అని. దానికంటే ముందు తేలాల్సింది ఒకటుంది. చీరే గోడ మీద ఉండాలా, చీర పోలిక ఉంటే చాలా?

చీరే కావాలంటే అది బట్టను కాపాడే పని. పోలిక చాలంటే అది కొత్తగా కట్టే పని. రెండింటికీ వాడే జిగురు వేరు, చెక్క వేరు, ఫ్రేము వేరు. ఈ తేడా అడక్కుండానే "ఇచ్చి వెళ్ళండి, వారంలో చేసిస్తాం" అన్నారంటే నేనైతే చీర వెనక్కి తీసుకుంటాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మొదట్లో నేనే ఆ తప్పు చేశాను. మా అమ్మ కంచిపట్టు కొంగుని ఎండీఎఫ్ చెక్క (పొట్టు అదిమి చేసే పలక) మీద తెల్ల జిగురు పూసి అతికించేశాను. చుట్టూ పేస్టుతో వంకీలు, జడబిళ్ళలు కట్టాను. ఆ దసరాకి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందే నిలబడ్డారు. రెండో వానాకాలానికి చెక్క కింది అంచు నానిన బిస్కెట్‌లా ఉబ్బింది. గోడకి అవతల బాత్‌రూమ్ ఉందని నాకు తట్టలేదు. జిగురు ఇంకినచోటల్లా పట్టు అట్టముక్కలా బిగుసుకుని మడత గీతల వెంట చిట్లింది. జరీ మీద నల్లమచ్చలు లేచాయి. ఊడదీద్దామంటే రాలేదు. జిగురు గుడ్డలోకి ఇంకిపోయాక బట్టను విడదీయడం ఎవరివల్లా కాదు. ఆ కొంగు ఇంక లేదు.

చీరే ఉండాలనుకునేవాళ్ళకి

అతికించొద్దు. కుట్టించండి. ఈ భాగంలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

పాత కంచిపట్టులో జరీ అంటే పట్టుదారం చుట్టూ చుట్టిన వెండి తీగ, దాని మీద బంగారు పూత. పాతచీరలు కొనేవాళ్ళు వెతికేది ఆ వెండినే. వెండికి గాలిలోని గంధకం తగిలితే నల్లబడుతుంది. ఇప్పుడు ఎక్కువగా వచ్చే టెస్టెడ్ జరీలో రాగి తీగ మీద వెండి పూత ఉంటుంది, అది ఇంకా తొందరగా రంగు మారుతుంది. పాలిస్టర్ రేకుతో చేసే ప్లాస్టిక్ జరీ నల్లబడదు కానీ ఆ మెరుపులో లోతుండదు. అంటే మీరు దాచుకోవాలనుకునే పాత జరీకే గాలి, తేమ, జిగురు ఎక్కువ హాని చేస్తాయి.

నేనిప్పుడు చేసే పద్ధతి ఇది. మంగళగిరి మగ్గాల మీద నేసిన సాదా నూలుగుడ్డ, జరీ అంచు లేనిది, తీసుకుని గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి ఆరేస్తాను. దాని మీద చీర ముక్కని పరిచి, సన్నటి దారంతో దూరం దూరంగా కుట్లు వేసి నిలబెడతాను. ఆ నూలుగుడ్డని పలక చుట్టూ లాగి వెనకవైపు బిగిస్తాను. చీరకి ఎక్కడా జిగురు తగలదు. ఎప్పుడైనా దారం తెంపితే చీర చీరలా బయటికొస్తుంది. ఉబ్బెత్తు పని అంతా చుట్టూ వేరే చట్రం మీద కడతాను, అది చీరకి ఆనదు.

చీర మీదే పూసలు, రాళ్ళు కావాలంటే ఆర్టిస్టు దగ్గరికి వెళ్ళక్కర్లేదు. మగ్గం వర్క్ చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. విజయవాడలోనూ గుంటూరులోనూ వీధికొకరు ఉన్నారు. జర్దోసీ, కుందన్, ముత్యం ఏదైనా సూదితో పట్టిస్తారు. హాట్ గ్లూ గన్‌తో అతికించినవి పడమటి గోడ మీద మే నెల 44, 45 డిగ్రీల ఎండకి మెత్తబడి ఒక్కొక్కటే రాలతాయి. కుట్టినవి ఉంటాయి.

కలంకారీ ముక్క అయితే ఒక విషయం చూడండి. పెడన, మచిలీపట్నం అద్దకాల్లో నలుపు రంగు ఇనుముతో వస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఇనుము నూలుని బలహీనం చేస్తుంది. అందుకే పాత కలంకారీ గుడ్డలు నల్లగీతల దగ్గరే ముందు చిరుగుతాయి. కొనబోయే ముక్కని వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే తెలిసిపోతుంది.

వెలుతురు గురించి కూడా. మ్యూజియాల్లో పట్టుబట్టల మీద 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుగు కొలత) మించి వెలుగు పడనివ్వరు. కిటికీ పక్క గోడకి పగలు దానికి ఎన్నో రెట్లు పడుతుంది. చీర ఉన్న బొమ్మని ఎండ పడని లోపలి గోడకే పెట్టండి. సోఫా మీద గోడే కావాలనుకుంటే పోలిక చేయించుకోండి, చీరని బీరువాలో తెల్లటి నూలుగుడ్డలో చుట్టి ఉంచండి.

పోలిక చాలనుకునేవాళ్ళకి

ఇక్కడే ఎంపికలు ఎక్కువ. నాకు ఇష్టమైన భాగం కూడా ఇదే.

చాలామంది నిజమైన రాయి, నిజమైన జరీ లేకపోతే బొమ్మకి విలువ తగ్గిపోతుందేమో అనుకుంటారు. వియన్నాలో చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ 1902లో బేథోవెన్ పేరుతో వేసిన పెద్ద గోడపటంలో బంగారు రంగుతో పాటు అద్దం ముక్కలు, ముత్యపుచిప్ప, కర్టెన్ రింగులు కూడా పెట్టాడు. ఘనాలో పుట్టిన శిల్పి ఎల్ అనత్సుయి సారా సీసాల మూతల్ని రాగితీగతో కలిపి కడితే, దూరం నుంచి చూసినవాళ్ళకి జరీచీర ఆరేసినట్టుంటుంది. అందులో ఒక్క పోగు గుడ్డ లేదు.

మనకైతే అంత దూరం కూడా అక్కర్లేదు, అమరావతి ఉంది. అక్కడి సున్నపురాయి పలకల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంకీ లండన్ బ్రిటిష్ మ్యూజియంకీ వెళ్ళిపోయినా, మిగిలినవి చూసినా చాలు. ఆ ఆడవాళ్ళ మొలనూళ్ళు, కడియాలు రాయిలోంచి పొంగి ఉంటాయి. బట్ట మాత్రం దాదాపు కనపడదు. ఒక అంచు, రెండు మూడు ముడతల గీతలు, అంతే. నగని మందంతో చూపించారు, బట్టని గీతతో చూపించారు. అది చూశాకే నా బొమ్మల్లో ఎక్కడ తప్పు జరుగుతోందో నాకు అర్థమైంది. నేను అన్నిటినీ ఒకే ఎత్తులో కడుతున్నాను. చీర, నగ, చెయ్యి, పువ్వు అన్నీ ఒకే మందం. అలాంటి బొమ్మ ఎంత ఖర్చుపెట్టినా కేకు మీద క్రీమ్‌లా కనిపిస్తుంది. మీరు ఆర్టిస్టుని ఎంచుకునేటప్పుడు వాళ్ళ పాత పని దగ్గరికెళ్ళి ఫోన్ టార్చ్‌ని గోడకి ఆనించి పక్కనుంచి వేయండి. నీడలు ఒకటి చిన్నగా, ఒకటి పెద్దగా పడితే వాళ్ళకి పని తెలుసు. అన్నీ ఒకేలా పడితే ఇంకొకరిని చూడండి.

ఇక పద్ధతులు.

తంజావూరు పద్ధతి అందరికీ తెలిసిందే. పలక మీద గుడ్డ అతికించి, సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దతో నగల్ని ఎత్తుగా కట్టి, రాళ్ళు పొదిగి, పైన బంగారు రేకు పరుస్తారు. దేవుడి బొమ్మకి దీన్ని మించింది లేదు. అసలైన 22 క్యారెట్ల రేకైతే నల్లబడదు. ఇత్తడి రేకు వాడితే కొన్నేళ్ళకి గోధుమరంగులోకి దిగుతుంది, అంచుల్లో పచ్చదనం వస్తుంది. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి కాబట్టి ఏ రేకు వాడుతున్నారో బిల్లు మీద రాయించుకోండి. ఈ పద్ధతికి ఒక హద్దుంది. నగ ఎత్తుగా వస్తుంది కానీ బట్ట చదునుగానే ఉంటుంది. మీకు చీర కుచ్చిళ్ళే ముఖ్యమైతే ఇది మీకు కాదు.

కుచ్చిళ్ళు కావాలంటే గుడ్డనే శిల్పంలా నిలబెట్టే పద్ధతి ఉంది. కొత్త నూలుగుడ్డని, దయచేసి అమ్మ చీరని కాదు, నీళ్ళు కలిపిన జిగురులో ముంచి, పలక మీద మడతలు పేర్చి ఆరనిస్తారు. గట్టిపడ్డాక రంగు వేసి, అంచుకి ప్లాస్టిక్ జరీ లేసు తిప్పుతారు. చెయ్యి తిరిగినవాళ్ళు చేస్తే గాలికి కొంగు ఇప్పుడే కదిలిందా అన్నట్టుంటుంది. ఖర్చు తక్కువ, బరువు తక్కువ. దుమ్ము మాత్రం మడతల్లో చేరుతుంది, అద్దం తప్పనిసరి.

టెక్స్చర్ పేస్టు అంటే పాలరాతి పొడి, యాక్రిలిక్ జిగురు కలిపిన డబ్బా సరుకు. ఫ్లాట్లలో కనిపించే ఆధునిక బొమ్మలు ఎక్కువగా దీనితోనే. ఒక్కో పొర మూడు నాలుగు మిల్లీమీటర్లు మించకుండా, ఒకటి పూర్తిగా ఆరాక ఇంకొకటి వేయాలి. తొందరపడితే పైన ఆరి, లోపల పచ్చిగా ఉండి పగుళ్ళిస్తుంది. ఉత్త క్యాన్వాస్ మీద మందంగా వేస్తే క్యాన్వాస్ ఊగినప్పుడల్లా చిట్లుతుంది. వెనక పలక ఉండాల్సిందే. వాల్ పుట్టీలో జిగురు కలిపి ఇంట్లో చేసుకునే పేస్టు నేర్చుకోవడానికి పనికొస్తుంది, డబ్బు తీసుకుని చేసే పనికి కాదు.

నాకు ప్రాణమైనది మక్కు. కొండపల్లి బొమ్మలవాళ్ళు తెల్లపొణికి చెక్క ముక్కల్ని కలపడానికి, బొమ్మకి ముక్కూ చెవులూ తీర్చడానికి వాడే ముద్ద అది. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేస్తారు. మన పక్క ఊళ్ళోనే ఉన్న సంగతి. నేను రంపపు పొట్టుని బాగా జల్లించి, సగం సుద్దపొడి కలుపుతాను. అలా కలిపిన ముద్ద వేలికింద వెన్నలా జారదు, మైనంలా నిలబడుతుంది. ఒక కాసు కట్టడం చెబుతాను. శనగగింజంత ముద్దని అరచేతిలో గుండ్రంగా చేసి పలక మీద పెట్టి బొటనవేలితో ఒక్క నొక్కు. కొద్దిగా బిగుసుకున్నాక అంచు చుట్టూ పుల్లతో చుక్కలు. మధ్యలో లక్ష్మీదేవి అంటే ఆ సైజులో మొహం తీర్చలేం, రెండు చేతులు, కిరీటం, పద్మం అనిపించే నాలుగు గుర్తులు చాలు. తర్వాతి కాసుని దీని మీద మూడోవంతు ఎక్కేలా పెట్టాలి. అలా ఒకదాని మీద ఒకటి ఒరిగితేనే కాసులపేరు మెడలో ఉన్న బరువు వస్తుంది. పక్కపక్కన పేరిస్తే బొత్తాల వరసలా ఉంటుంది. మక్కు నిదానంగా ఆరుతుంది, వానాకాలంలో వారం పైనే. పురుగు పట్టే భయం ఉంది కాబట్టి చిటికెడు మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతాను. అది విషం, చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లలున్న ఇంట్లో కలపొద్దు. జరీకి తగిలేచోట వాడను.

మిగిలినవి క్లుప్తంగా. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అరగంటలోపే గట్టిపడుతుంది, అచ్చు పోసి ఒకేలాంటి బిళ్ళలు పాతిక తీసుకోవడానికి బాగుంటుంది. బొమ్మంతా దానితో కట్టొద్దు, తేమ పీలుస్తుంది, అంచులు విరుగుతాయి. పైపులకి వాడే ఎపాక్సీ పుట్టీ కుంచించుకుపోదు, ముక్కుపుడక, బుట్టకమ్మ లాంటి సన్నటి పనికి బాగుంటుంది. లిప్పన్ అని ఇప్పుడు అందరూ అడిగే అద్దాల పని గుజరాత్‌లోని కచ్ఛ్ వాళ్ళ మట్టిగోడల కళ. చక్కటిదే. కానీ మన కాసులపేరుని అందులో ఇరికిస్తే అదీ ఇదీ కాకుండా పోతుంది. రెజిన్ నేను వద్దంటాను. మన ఎండలకి కలిపిన కొద్దిసేపటికే చిక్కబడి లోపల బుడగలు ఉండిపోతాయి, వెలుతురుకి ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది.

నగలు కట్టే ఓపిక లేకపోతే చిలకలపూడి వన్ గ్రామ్ నగలు కొని పొదగొచ్చు. ఒంటి మీద చెమటకి పోయే పూత గోడ మీద చాలాకాలం ఉంటుంది. జిగురుతో కాకుండా పలకకి రంధ్రాలు చేసి వెనకనుంచి తీగతో బిగించండి. నిజం బంగారం పెట్టొద్దు, దొంగల భయంతో బొమ్మని చూసినప్పుడల్లా టెన్షనే.

పలక, బరువు, ఫ్రేము

పైన మెరిసేదాని మీద పెట్టే శ్రద్ధలో సగం వెనక పలక మీద పెట్టండి. ఎండీఎఫ్ నీళ్ళు తగిలితే పనికిరాదు. ప్లైవుడ్‌లో నీళ్ళకి తట్టుకునే 710 గ్రేడ్ అడగండి, ఏ కార్పెంటర్‌కైనా తెలుసు. వెనకవైపు కూడా రంగు వేయించండి. ఒకవైపే వేస్తే రెండో వైపు తేమ పీల్చి పలక వంగుతుంది. చెదలు వచ్చేది కూడా గోడవైపు నుంచే.

మూడడుగులు బై రెండడుగుల 12 ఎంఎం ప్లై ఒక్కటే నాలుగు కిలోలు దాటుతుంది. దాని మీద సగటున సెంటీమీటరు మందం ప్లాస్టర్ పరిస్తే ఇంకో ఆరు కిలోలు. 4 ఎంఎం అద్దం వేస్తే ఐదున్నర. ఫ్రేముతో కలిపి పదిహేను కిలోలు దాటుతుంది. అదే మక్కు కేవలం నగలున్న చోటే కట్టి, అద్దం బదులు 3 ఎంఎం యాక్రిలిక్ షీట్ వేస్తే సగానికి తగ్గుతుంది. మేకుకి తగిలించొద్దు, రెండు చోట్ల ప్లగ్గు పెట్టి స్క్రూ బిగించండి.

ఫ్రేము కట్టేవాళ్ళతో "లోతున్న బాక్స్ ఫ్రేము" అని చెప్పండి. బొమ్మలో అన్నిటికంటే ఎత్తైన చోటు నుంచి అద్దానికి కనీసం ఒక వేలు ఎడం ఉండాలి. గోడకీ ఫ్రేముకీ మధ్య నాలుగు మూలలా రబ్బరు బొత్తాలు అతికిస్తే గాలి ఆడుతుంది. పూజగదిలో పెట్టే అమ్మవారి బొమ్మకైతే హారతి పొగ పడుతుంది కాబట్టి అద్దం లేకుండా అసలు వద్దు.

ఎవరికి ఏది

సొంత ఇల్లు, లోపలి గోడ, చీర మీద ప్రాణం ఉన్నవాళ్ళు కుట్టించిన చీర పలక తీసుకోండి, ఉబ్బెత్తు పని తక్కువ పెట్టించండి. అద్దె ఇళ్ళు మారేవాళ్ళు గట్టిపరిచిన గుడ్డ, పలక మీద టెక్స్చర్ పేస్టుతో రెండడుగులలోపు బొమ్మ చేయించుకోండి, బరువుండదు. దేవుడి బొమ్మకి తంజావూరు. పోయిన నగని తిరిగి చూసుకోవాలనుకునేవాళ్ళకి మక్కు, కొంచెం ఎక్కువ రోజులు ఆగగలిగితే. అమెరికాలో ఉన్న పిల్లలకి పంపాలంటే మక్కు, ప్లాస్టర్ రెండూ వద్దు, దారిలో దెబ్బలకి పగులుతాయి. నూలుగుడ్డ మీద మగ్గం వర్క్ చేయించి చుట్టి పంపండి, ఫ్రేము అక్కడే కట్టించుకుంటారు.

మొదట చెప్పిన పెళ్ళిపట్టు ఆవిడకి చివరికి రెండూ కలిపాను. చిరగని చోటునుంచి జానెడు అంచు ముక్క నూలుగుడ్డ మీద కుట్టి కిందవైపు పెట్టాం. మిగతా చీర ఆవిడ బీరువాలోనే ఉంది. పైన మక్కుతో వాళ్ళ అమ్మగారి మెడలోని కాసులపేరు, పెళ్ళిఫోటో చూసి కట్టాను. ఫోటోలో ముందువైపు పందొమ్మిది కాసులు లెక్కకొచ్చాయి, భుజాల మీదవి పూలదండ కింద పడిపోయాయి. "ఎన్ని వేయను?" అని అడిగితే ఆవిడ తెనాలిలో ఉన్న పెద్దమ్మకి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెద్దమ్మ గొంతు నాకూ వినిపించింది. "యాభై నాలుగే. రెండు అరిగిపోయినవి ఉండేవి, అవి ఎప్పుడూ ఎడమవైపు వచ్చేలా వేసుకునేది మీ అమ్మ." ఎడమ భుజం దగ్గర రెండు కాసుల మీద చుక్కలు పెట్టకుండా నున్నగా వదిలేశాను.